నెల్లూరు సీమ చిన్న రాజు పాలనా కాలాన్ని శాసనాలతో తేల్చడం ఎలా

కాకతి గణపతిదేవుడి గురించి రాయబోతే చదవడానికి పుస్తకాలు చాలా ఉన్నాయి. నెల్లూరులో కొలువున్న తెలుగు చోడుల గురించో, అద్దంకి రెడ్ల కింద ఒక సీమ ఏలిన నాయకుడి గురించో రాయాలంటే చేతికందేవి కొన్ని రాళ్లు, ఒకటో రెండో కావ్య అవతారికలు (పీఠికలు), జనం నోట నిలిచిన చాటువులు (విడి పద్యాలు). ఆ రాజు ఎప్పుడు గద్దెనెక్కాడు, ఎప్పటిదాకా ఏలాడు, ఎవరికి లోబడి ఏలాడు అన్నది వీటితోనే తేల్చాలి. ఇక్కడ మనుమసిద్ధిని ఉదాహరణగా పెట్టుకుందాం. విక్రమసింహపురి, అంటే మన నెల్లూరు, ఆయన రాజధాని. సుమారు 1248 నుంచి 1263 వరకు ఏలాడని చరిత్రకారులు చెబుతారు. తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కథ ఊరూరా తెలుసు కాబట్టే ఆయన తేదీల విషయంలో పొరపాట్లూ ఎక్కువ. కథతో మొదలుపెట్టి దానికి సరిపడే రాళ్లు వెతికితే ప్రతి రాయీ ఆ కథనే చెప్పినట్టు కనిపిస్తుంది. అందుకని ముందు రాయి చెక్కిన రోజు తేలాలి, కథ జోలికి ఆ తర్వాతే వెళ్లాలి.

రాయి దగ్గరికి వెళ్లేముందు

ముందు ఆ శాసనం అచ్చయిందో లేదో చూసుకోండి. నెల్లూరు జిల్లా రాగి రేకులు, రాతి శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో మూడు సంపుటాలుగా వేశారు. ఇప్పటికీ ఈ పనికి మొదటి మెట్టు అదే. అందులో ఊళ్లు ఆనాటి తాలూకాల వారీగా ఉంటాయి. దర్శి, పొదిలి, కనిగిరి, కందుకూరు అప్పట్లో నెల్లూరు జిల్లాలో భాగం. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది, 2022లో మళ్లీ సరిహద్దులు మారాయి. ఇప్పటి మండలం పేరుతో వెతికితే దొరకదు. మీ ఊరు 1905లో ఏ తాలూకాలో ఉండేదో తెలుసుకుని ఆ తాలూకా వరుస సంఖ్యల్లో వెతకండి. అక్కడ లేకపోతే దక్షిణ భారత శాసనాల 10వ సంపుటం చూడండి, అది పూర్తిగా తెలుగు శాసనాలదే. అదీ అయ్యాక శాసన శాఖ వార్షిక నివేదికలు. నివేదికలో ఉండేది రెండు మూడు వాక్యాల సారాంశమే కాబట్టి దాన్ని మూల పాఠంగా తీసుకోకండి.

అచ్చులో దొరికినా రాయిని చూసి రావాలి. గుడి దేవాదాయ శాఖదైతే కార్యనిర్వహణాధికారి దగ్గర, రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. పూజారిగారికి ముందురోజే చెప్పి, నైవేద్యం వేళ కాకుండా వెళ్లండి. గర్భగుడి అధిష్ఠానం (గోడ కింది పీఠం) మీద, ధ్వజస్తంభం దగ్గర విడి రాయి మీద, మండపం స్తంభాల మీద శాసనాలు ఎక్కువగా ఉంటాయి. ఊరి చెరువు తూము దగ్గరా, పొలిమేర రాళ్ల మీదా కూడా వెతకాలి. చాలా గుళ్లలో ఏళ్లతరబడి వేసిన సున్నం పొరల కింద అక్షరాలు దాక్కుని ఉంటాయి. జీర్ణోద్ధరణ పేరుతో ఇసుక యంత్రంతో గోడలు గీకించబోతున్నారని తెలిస్తే, పని మొదలయ్యేలోపే వెళ్లి ఫొటోలు తీయండి. ఇసుక తగిలిన అక్షరం మళ్లీ రాదు.

నకలు తీయడం

అక్షరాలు కనబడటంలేదని సుద్దముక్కో, పసుపో, గోధుమపిండో రుద్దే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. అది మానాలి. రుద్దే మనిషి తను ఊహించుకున్న గీతనే తెల్లగా చేస్తాడు. ఆ తర్వాత ఫొటో చూసినవాళ్లకు ఆ ఊహే అక్షరంగా కనబడుతుంది. ఇనుప బ్రష్షు, ఆమ్లం అసలు వద్దు. మంచినీళ్లు, కొబ్బరిపీచు చాలు.

అక్షరాన్ని చూపించేది పక్కవాటు వెలుగు. చీకటిపడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించి, పదీ పదిహేను డిగ్రీల వాలులో ఎడమ నుంచి వెలుగు వేసి ఒక ఫొటో, కుడి నుంచి ఒకటి, పై నుంచి ఒకటి తీయండి. అడ్డగీతలు పై వెలుగులో తేలుతాయి, నిలువు గీతలు పక్క వెలుగులో తేలుతాయి. పగలే తీయాల్సివస్తే తూర్పు గోడను పొద్దున కాకుండా పదకొండు దాటాక తీయండి. అప్పుడు ఎండ గోడను రాసుకుంటూ దిగుతుంది. ప్రతి ఫొటోలో స్కేలు ఉండాలి.

కాగితం మీద అచ్చు తీయాలంటే అనుమతితో పాటు చేయి తిరిగినవాళ్లు ఒకరు పక్కన ఉండాలి. రాయిని కడిగి, తడి ఉండగానే పలచని గట్టి కాగితం పరవండి. శాసనం కన్నా చుట్టూ రెండంగుళాలు ఎక్కువ ఉండేలా కత్తిరించుకోవాలి. గట్టి కుచ్చు ఉన్న బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు తిన్నగా కొడుతూ పోతే కాగితం అక్షరం గుంటలోకి దిగుతుంది. లోపల గాలి బుడగ మిగిలితే అక్కడ లేని అక్షరం పుడుతుంది. దీపపు మసిని తుమ్మజిగురు నీళ్లలో కలిపి సిరా చేసుకుని, దూది పొదిగిన గుడ్డ తిత్తితో పైపైన అద్దాలి. గుంటలో దిగిన అక్షరం తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. సిరా అద్దే అదను ముఖ్యం. కాగితం మరీ తడిగా ఉంటే సిరా ఇంకి రాతికి అంటుకుంటుంది, అది రాతికి చేసిన ద్రోహం. మరీ ఆరితే కాగితం రాయిని వదిలేసి లేస్తుంది. చేత్తో తాకితే చల్లగా తగలాలి, వేలికి తడి అంటకూడదు. మన వైపు మే నెలలో కాగితం ఇట్టే ఆరిపోతుంది కాబట్టి చిన్న ముక్కలుగా, పొద్దున్నే తీయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురులో ఈ పని పెట్టుకోకండి. పొరలూడే రాతి మీద అచ్చు ఎప్పుడూ వద్దు, ఫొటోతో సరిపెట్టుకోండి. అచ్చు వెనక పెన్సిలుతో ఊరు, గుడి, రాయి ఉన్న చోటు, ముఖం ఏ దిక్కు, ఎన్ని పంక్తులు అన్నది అక్కడే రాసేయాలి.

చదివేటప్పుడు శాసనం చివర్లో వచ్చే శ్లోకం మీకు బాగా సాయం చేస్తుంది. ‘స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం’ అనేది చాలా దానశాసనాల్లో ఉంటుంది, అందరికీ తెలిసిన పాఠం. రాయి ఒక పక్క విరిగిపోతే, ఆ శ్లోకంలో ఒక్కో పంక్తికి ఎన్ని అక్షరాలు పోయాయో లెక్కపెట్టండి. పైనున్న తెలియని పంక్తుల్లోనూ దాదాపు అన్నే పోయి ఉంటాయి. అక్కడ నాలుగక్షరాల చోటుంటే ఎనిమిది అక్షరాల బిరుదు పూరించకూడదు. 13వ శతాబ్ది లిపిలో ఎ–ఏ, ఒ–ఓ తేడా చాలా చోట్ల కనబడదు, ప–వ ఒకదానికొకటి పొరబడతాయి. కనబడ్డది ఒకలా, మీరు పూరించింది చదరపు కుండలీకరణాల్లో, ఈ రెండూ ఎప్పుడూ కలిసిపోకూడదు.

తేదీ తేల్చడం

ఈ పనిలో తీరిక తీసుకుని చేయాల్సిన భాగం ఇదే. శక సంవత్సరానికి 78 కూడితే క్రీస్తు శకం వస్తుందని అందరికీ తెలుసు. చైత్రం నుంచి డిసెంబరు చివరి దాకా 78 కూడాలి, జనవరి నుంచి ఫాల్గుణం చివరి దాకా 79. నెల తెలియకపోతే ‘1244–45’ అని రెండేళ్లూ కలిపి రాయండి.

ఇక్కడ చాలామంది జారే మెట్టు ఒకటుంది. మకర సంక్రాంతి దానమని రాయి మీద ఉంటే, సంక్రాంతి జనవరిలో కదా అని 79 కూడేస్తారు. 13వ శతాబ్దిలో ఆనాటి జూలియన్ క్యాలెండర్ ప్రకారం మకర సంక్రాంతి డిసెంబరు చివరి వారంలో వచ్చేది. అందువల్ల 78 కూడాలి. ఒక్క ఏడాది తేడాయే, కానీ రాజు పోయిన ఏడు గురించి వాదన నడుస్తున్నచోట ఆ ఏడాదే ముఖ్యం.

తర్వాత సంవత్సరం పేరుతో సరిచూడాలి. శక సంవత్సరానికి 12 కూడి 60తో భాగించండి. మిగిలిన శేషమే ప్రభవ నుంచి లెక్కించిన సంవత్సరం వరుస. శేషం సున్నా వస్తే అక్షయ. మోటుపల్లి వీరభద్రాలయంలోని గణపతిదేవుడి అభయశాసనం చూడండి. శకం 1166, క్రోధి. 1166కి 12 కూడితే 1178, 60తో భాగిస్తే శేషం 38. పంచాంగంలో 38వది క్రోధి. సరిపోయింది. శేషానికి రాయి మీది పేరు ఒకటి వెనకబడి ఉంటే, చెక్కినవాళ్లు గడిచిన ఏళ్లు కాక నడుస్తున్న ఏడును లెక్కవేశారన్నమాట. అప్పుడు శకంలోంచి ఒకటి తీసేసి 78 కూడండి. రెండు మూడు తేడా వస్తే మీరు అంకె తప్పు చదివారని అనుమానించాలి.

ఎలా దిద్దాలో అభ్యాసానికి ఒక లెక్క చేద్దాం. రాయి మీద అంకెలు 1176లా కనిపిస్తున్నాయి, ‘నల సంవత్సరం’ అన్నది మాత్రం స్పష్టంగా ఉంది. 1176కి శేషం 48, అది ఆనంద. నల 50వది. కాబట్టి శకం 1178 అయి ఉండాలి, చివరి అంకె అరిగిందన్నమాట. అంటే 1256–57. అక్కడితో ఆగకండి. నల అరవయ్యేళ్లకోసారి వస్తుంది, శకం 1118లోనూ ఉంది, 1238లోనూ ఉంది. 1238 అంటే 1316, అది ప్రతాపరుద్రుడి కాలం, నెల్లూరులో మనుమసిద్ధి లేడు. 1118 అంటే 1196. మనుమసిద్ధి తాత పేరు కూడా మనుమసిద్ధే కాబట్టి ఈ తేదీని అంత తేలిగ్గా కొట్టేయలేం. అప్పుడు లిపి తీరు, పక్కనున్న పై ప్రభువు పేరు, దాత పేరు చూసి తేల్చాలి.

శ్లోకంలో తేదీ ఉంటే అంకెలకు బదులు మాటలుంటాయి. చంద్ర, భూమి అంటే 1. నేత్ర, కర 2. రామ, అగ్ని 3. వేద, యుగ 4. బాణ, శర 5. రస, ఋతు 6. గిరి, ముని 7. వసు, గజ 8. నంద, రంధ్ర 9. గగన, ఖ అంటే సున్నా. రుద్ర 11, ఆదిత్య 12. చదవాల్సింది కుడి నుంచి ఎడమకు. ‘వసు గిరి రుద్ర’ అంటే 8, 7, 11, తిప్పితే 1178. నగ అంటే కొండ, 7. నాగ అంటే 8. ఒక్క దీర్ఘం అరిగిపోతే ఏడాదో, పదేళ్లో, వందేళ్లో మారిపోతుంది. సాగర కొన్నిచోట్ల 4, కొన్నిచోట్ల 7. లోక 3 కావచ్చు, 7 కావచ్చు, 14 కూడా కావచ్చు. ఏది పెడితే సంవత్సరం పేరు కుదురుతుందో చూసి నిర్ణయించాలి.

చివరి పరీక్ష తిథీ వారాలు. ‘శు’ అన్నది శుద్ధమా, శుక్రవారమా అన్నది దాని చోటును బట్టి తెలుస్తుంది: తిథికి ముందుంటే పక్షం, తర్వాత ఉంటే వారం. 700 నుంచి 1799 వరకు రోజులు లెక్కగట్టిన స్వామికన్ను పిళ్లై పట్టికలు ఇప్పటికీ నమ్మదగినవి. కొందరు ఫోన్‌లో తేదీ కొట్టి వారం చూస్తారు. చాలా ఫోన్లు పాత తేదీలకూ నేటి గ్రెగోరియన్ లెక్కే వేస్తాయి, చరిత్రకారులు రాసేది జూలియన్ తేదీ. 1100 మార్చి నుంచి 1300 ఫిబ్రవరి వరకు ఈ రెంటి తేడా సరిగ్గా ఏడు రోజులు కాబట్టి వారం మారదు. తెలుగు చోడుల తేదీలకు ఫోన్ పనికొస్తుందన్నమాట. 1300 మార్చి నుంచి తేడా ఎనిమిది రోజులు. అద్దంకి రాజు ప్రోలయ వేమారెడ్డి శాసనాలకు వస్తే ఫోన్ ఒక రోజు వెనకటి వారం పేరు చూపిస్తుంది, ఆదివారమైతే శనివారమని. అద్దంకి రెడ్ల తేదీ కుదరడంలేదని రాయిని తప్పుపట్టేముందు ఈ సంగతి సరిచూసుకోండి. గ్రహణ దానమైతే గ్రహణ పట్టికలతో పోల్చవచ్చు. మన ఊళ్లో కనబడని గ్రహణానికి కూడా పంచాంగం చూసి దానం చేసిన సందర్భాలుంటాయి, కనబడలేదని తేదీని తోసిపుచ్చకండి.

గూడూరు, సూళ్లూరుపేట వైపు తమిళ శాసనాలు ఎదురవుతాయి. వాటిలో శకం లేకుండా పాలనా సంవత్సరం మాత్రమే ఉండవచ్చు. అది మీ రాజు పాలనా సంవత్సరమా, పై ప్రభువైన చోళుడిదా అన్నది ముందు తేల్చాలి. మూడవ రాజరాజ చోళుడి లెక్క 1216 నుంచి, మూడవ రాజేంద్రుడిది 1246 నుంచి, కంచిలో విజయగండగోపాలుడిది 1250 నుంచి మొదలవుతుంది. పదో ఏడు అంటే ఎవరి పదో ఏడు అన్నదాన్ని బట్టి ముప్పై ఏళ్లు అటూ ఇటూ అవుతుంది.

బిరుదులు, ఒకే పేరు మనుషులు

తెలుగు చోడులు తమను ‘ఒరయూరు పురవరాధీశ్వర’ (తమిళ సీమలోని పాత చోళ రాజధాని ఒరయూరుకు ప్రభువు) అనీ, కరికాలుడి వంశమనీ, కావేరికి కట్టలు కట్టించినవాళ్లమనీ చెప్పుకుంటారు. అది వంశగౌరవం. దాన్నిబట్టి మనుమసిద్ధి ఒరయూరు ఏలాడని రాయకూడదు. బిరుదులను రెండు వరుసలుగా విడదీయండి: తాతల నుంచి వచ్చినవి ఒక పక్క, ఈ రాజుతోనే మొదలైనవి ఒక పక్క. మనుమసిద్ధి తండ్రి తిక్కరాజుకు ‘చోళస్థాపనాచార్య’ అన్న బిరుదుంది. ఆయన చోళరాజును తిరిగి నిలబెట్టిన పనికి గుర్తది, చరిత్రకు పనికొచ్చేది. ‘మహామండలేశ్వర’ అని ఉంటే పైన ఇంకొకరు ఉన్నారేమో వెతకండి. ‘పృథివీరాజ్యం సేయుచుండగాను’ అంటే ఆ రోజుకు రాజు ఏలుతున్నాడు. ‘ఫలానా రాజుకు పుణ్యముగాను’ అని మాత్రమే ఉంటే ఆయన బతికున్నాడని చెప్పలేం, పోయినవాళ్ల పుణ్యానికీ దానాలు ఇచ్చారు.

ఇక పేర్లు. మనవడికి తాత పేరు పెట్టడం మన ఊళ్లలో నేటికీ ఉన్నదే. ఒకే కాలంలో నెల్లూరు చుట్టూ తిక్కరాజు ఉన్నాడు, కవి తిక్కన ఉన్నాడు, మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన ఉన్నాడు. ‘గండగోపాల’ అన్నది అంతకన్నా పెద్ద చిక్కు: తిక్కరాజుకూ ఉంది, మనుమసిద్ధికీ ఉంది, కంచి విజయగండగోపాలుడికీ ఉంది. 1263 ప్రాంతంలో జటావర్మ సుందరపాండ్యుడు దండెత్తి వచ్చి నెల్లూరులో వీరాభిషేకం చేసుకున్నాడు. గండగోపాలుణ్ణి చంపామని పాండ్యుల ప్రశస్తి (శాసనం మొదట్లో ఉండే రాజు పొగడ్త) చెబుతుంది. ఏ గండగోపాలుణ్ణి? విజయగండగోపాలుడి శాసనాలు కంచిలో ఆ తర్వాత ఏళ్లలోనూ సాగుతూనే ఉన్నాయి. పోయినవాడు శాసనం వేయించడు కాబట్టి ఆయన కాదు. మనుమసిద్ధి అక్కడితో ఆగిపోయాడు అనడానికి ఇలాంటి తీసివేతే ఆధారం. శత్రువు ప్రశస్తి ఒక్కటే చాలదు.

కావ్యం, కథాగేయం, చాటువు

నిర్వచనోత్తర రామాయణం అవతారిక మనుమసిద్ధి కొలువులోనే పుట్టింది. పొగడ్తలు పక్కన పెడితే అందులోని వంశక్రమం శాసనాలతో పోల్చుకోవడానికి మంచి ఆధారం. దాయాదులు అక్కన, బయ్యన మనుమసిద్ధిని గద్దె నుంచి గెంటేస్తే తిక్కన ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం తెచ్చాడన్న కథ సిద్ధేశ్వర చరిత్రలో విపులంగా ఉంది. అది చాలా తర్వాతి కాలపు రచన. ఆ సంఘటన జరిగి ఉండవచ్చు, అందులోని సంభాషణలను మాత్రం చరిత్రగా రాయకండి. పుల్లరి (పశువుల మేత పన్ను) కోసం ఆలమందల నాయకుడు కాటమరాజుతో జరిగిన పోరు, అది జరిగిన ఎర్రగడ్డపాడు, ఖడ్గతిక్కన మరణం కాటమరాజు కథల్లో బతికాయి. కనిగిరి వైపు ఆ కథ పాడేవాళ్ల దగ్గర ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు, మేత బీళ్ల హద్దులు రాసుకోండి. అలాంటి కథల్లో సంవత్సరం చెదిరిపోయినా స్థలం చాలావరకు నిలుస్తుంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఖడ్గతిక్కనకు భార్య పసుపు ముద్ద పెట్టిన చాటువు మనందరికీ ఇష్టమైనదే. దానికి ప్రత్యేకంగా ఒక పేజీ ఇవ్వండి, కాలక్రమంలో మాత్రం చేర్చకండి.

రాజు తీరు తెలియాలంటే శాసనంలో ఇచ్చింది ఏమిటో చూడాలి. మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో ఉండి 2022లో బాపట్ల జిల్లాకు వెళ్లిన మోటుపల్లి రేవులోని గణపతిదేవుడి శాసనమే దీనికి మంచి పాఠం. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారని, ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమని అందులో ఉంది. సుంకం ముప్పయ్యింట ఒక వంతు. సరుకుల్లో చీనా కర్పూరం, ముత్యాలు, పగడాలు, పన్నీరు, మిరియాలు ఉన్నాయి. మేలు పగడం మధ్యధరా సముద్రం నుంచి వచ్చేది. ఆ శతాబ్ది చివర్లో ఈ రేవు గురించి రాసిన మార్కో పోలో కూడా ఆ సముద్రపు వెనిస్ మనిషే. 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి కూడా మోటుపల్లిలోనే వర్తకులకు హామీ శాసనం వేయించాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే రేవు మీద ఎవరి పట్టు ఎప్పుడుందో తెలుస్తుంది. మీ చిన్న రాజు శాసనంలోనూ సుంకం ఎవరు వదులుకున్నారో చూడండి. వదులుకునే అధికారం ఉన్నవాడే అక్కడ అసలు ప్రభువు.

పట్టీ కట్టి రాయడం

ఒక పొడవాటి నోటు పుస్తకంలో ఒక్కో శాసనానికి ఒక వరుస ఇవ్వండి. ఊరు, రాయి చోటు, శకం, సంవత్సరం పేరు, మాసం–తిథి–వారం, పరీక్షలో కుదిరిందా లేదా, రాజు పేరు చెక్కినది చెక్కినట్టు, పై ప్రభువు, దాత, దానం. తేదీల వరుసలో సర్దాక మొదటిదీ చివరిదీ గీత గీసి ఉంచండి. మీకు రుజువు ఉన్న పాలన ఆ రెండు గీతల మధ్యదే. ఆయన తండ్రి చివరి శాసనం, తర్వాతివాడి మొదటి శాసనం ఆ గీతల అవతల పెడితే పట్టాభిషేకం, మరణం ఏ ఏళ్ల మధ్య జరిగాయో బయటపడుతుంది. తండ్రీ కొడుకుల తేదీలు ఒకదానిమీదొకటి పడితే కంగారుపడకండి, కొడుకు యువరాజుగా ఉండి దానాలిచ్చి ఉండవచ్చు. అదే ఊళ్లో దాయాది శాసనం పడితే మాత్రం ఆ మూడు నాలుగేళ్ల మీద దృష్టి పెట్టండి. గద్దె చేతులు మారిన గుర్తు అక్కడే ఉంటుంది.

ఊళ్లను పటం మీద పెట్టేటప్పుడు రాయి దొరికిన చోటు, దానమిచ్చిన ఊరు వేర్వేరు రంగుల్లో గుర్తించండి. గుడి ఒక రాజు సీమలో, దానమిచ్చిన పొలం ఇంకో సీమలో ఉండొచ్చు. రాళ్లను ఒక ఊరినుంచి ఇంకో ఊరికి తరలించిన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి, శాసనంలోని ఎల్లల్లో చెప్పిన వాగు, కొండ ఇప్పటి ఊరికి కుదురుతున్నాయో లేదో ఒకసారి నడిచి చూడాలి.

వ్యాసంలో తేదీ రాసేటప్పుడు మూడు రకాలుగా విడదీయండి: శాసనంలో ఉండి పరీక్షకు నిలిచినది తేదీతో సహా, పరీక్షకు నిలవనిది ‘శాసన పాఠం ప్రకారం’ అని, లెక్కతో తేల్చినది ‘సుమారు’ అని. అచ్చయ్యాక ఒక ప్రతి, ఫొటోలతో సహా, రాయి ఉన్న గుడి కార్యాలయంలో ఇవ్వండి. సున్నం వేయించేముందు వాళ్లు చూసుకుంటారు. కొత్త రాయి దొరికి గీత జరపాల్సివస్తే పాత తేదీని చెరిపేయకుండా పక్కనే ఉంచి, ఏ శాసనం వల్ల మారిందో ఆ వరుస సంఖ్య రాయండి.